రొంపిచెర్లలో తిరుపతమ్మ గీసిన ఇల్లు

రొంపిచెర్లలో నాగేశ్వరరావు గారి కొత్త ఇంట్లోకి మిట్టమధ్యాహ్నం ఎవరు వచ్చినా గడప దాటగానే కాసేపు ఆగిపోతారు. పల్నాటి ఎండలో కాలి వచ్చిన అరికాళ్ళకు ఆ నేల అంత చల్లగా తగులుతుంది. హాల్లో కిటికీ కింద గోడ పొడుగునా రాతి అరుగు ఒకటి ఉంది. చుట్టాలు ఖరీదైన సోఫా వదిలేసి దానిమీదే చేరతారు. ఆ నేల, ఆ అరుగు, వంటింటి నుంచి హాల్లోకి గాలి తిరిగే దారి, అన్నీ లక్ష్మీతిరుపతమ్మ ఆలోచనలే. ఊళ్ళో ఆ మాట చెప్పి చూడండి, ఎవరా తిరుపతమ్మ అంటారు.

తిరుపతమ్మది నడికుడి. నాన్న పెదకోటయ్య నాపరాళ్ళ క్వారీలో బండలు తీస్తాడు. అమ్మ రాములమ్మ కూడా అక్కడే కూలికి పోయేది. బడి సెలవుల్లో పిల్లను ఒంటరిగా వదల్లేక వెంట తీసుకుపోయేవాళ్ళు. ఎండ ముదిరితే పనివాళ్ళంతా బండలు నిలబెట్టి పైన మరో బండ కప్పుకున్న గూట్లోకి దూరేవాళ్ళు. బయట నిప్పులు కురుస్తున్నా లోపల హాయిగా ఉండేది. తిరుపతమ్మ అందులో పడుకుని ఎదురుగా తవ్విన గోడ చూస్తుండేది. పైన బూడిదరంగు పొర, దానికింద పసుపు, ఇంకా కింద లేత ఆకుపచ్చ. ఎవరైనా నీళ్ళు చల్లితే చాలు, లోపల దాక్కున్న రంగంతా బయటికొచ్చేది.

గుంటూరులో ఇంటీరియర్ డిజైన్ కోర్సులో చేరాక, మీకు ఇన్‌స్పిరేషన్ ఎక్కడ దొరుకుతుందని సారు అందరినీ అడిగారు. పిల్లలంతా ఫోన్లు తెరిచి విదేశాల ఇళ్ళు చూపించారు. తిరుపతమ్మ లేచి "మా క్వారీ గోడ సార్" అంది. క్లాసంతా గొల్లుమంది. నవ్వకుండా తలతిప్పి చూసింది ఒక్క ప్రసన్నే. ఆ సాయంత్రం హాస్టల్లో ఆమె మంచం దగ్గరికొచ్చి, "ఏమే, ఆ గోడ నాకూ చూపిస్తావా?" అని అడిగింది. అప్పట్నుంచి ఇద్దరిదీ ఒకే కంచం, ఒకే మంచం.

చదువయ్యాక నరసరావుపేటలో చిన్న ఆఫీసు తెరిచారు. బోర్డు మీద ప్రసన్న ఇంటీరియర్స్ అని రాయించింది ప్రసన్న.

"నీ పేరు రైలంత ఉందే, బోర్డు మీద పట్టదు. రోడ్డు అవతల దాకా కట్టాలి."

"పోనీలే, పనైతే నాదే గదా," అని తిరుపతమ్మ కూడా నవ్వేసింది.

పని చేసే పద్ధతిలో మాత్రం ఎవరి దారి వాళ్ళది. తిరుపతమ్మ కాగితం ముట్టదు. గోడలు లేచిన ఇంట్లో పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఊరికే కూర్చుంటుంది. ఎండ ఎటు జరుగుతుందో చూస్తుంది. వాళ్ళ పాత ఇంటికీ పోయి, ఇంటావిడ పని మధ్యలో ఎక్కడ నడుం వాలుస్తుందో చూస్తుంది. తర్వాత సుద్దముక్క తీసుకుని నేలమీదే అసలు కొలతల్లో గీసి, ఇంటివాళ్ళను ఆ గీతల మధ్య నడవమంటుంది. ఎక్కడ మోచెయ్యి తగిలితే అక్కడ చెరిపి మళ్ళీ గీస్తుంది. మనుషులు కాగితంలో కాపురం చెయ్యరు గదా అని ఆమె వాదన. ప్రసన్న ఆ గీతల్ని ఫోటో తీసుకుపోయి కంప్యూటర్లో రంగుల బొమ్మలు చేసేది. బొమ్మ కింద ఆఫీసు పేరు పడేది. నేలమీద బండలు పరిచాక సుద్ద గీతల ఆనవాలే ఉండేది కాదు.

నాగేశ్వరరావు గారి ఇల్లు వాళ్ళకొచ్చిన మొదటి పెద్ద పని. ఆయన భార్య శాంతమ్మ గారికి మోకాళ్ళ నొప్పులు. అయినా మిరపకాయల తొడిమలు తీయడం, కూరలు బాగుచేయడం నేలమీద కూర్చునే చేసేది. లేవాలంటే గోడ పట్టుకోవాల్సొచ్చేది. తిరుపతమ్మ అది చూసి, ఆమె గోడ పట్టుకోకుండా కూర్చుని లేవగలిగే ఎత్తు కొలిచి కిటికీ కింద అరుగు గీసింది. బండలు నాన్న క్వారీలోనే, ఒక్కోటి నీళ్ళు పోసి చూసి ఏరింది. పెదకోటయ్యకు ఆ నెలంతా కాళ్ళు నేలమీద ఆనలేదు. లారీ వాళ్ళ దగ్గర్నుంచి టీ కొట్టువాడి దాకా ఒకటే మాట, "మా పిల్ల గీసిన ఇల్లురా అది."

ఇక గృహప్రవేశం. మన వైపు ఆ రోజు ఇల్లు కట్టినవాళ్ళకు బట్టలు పెడతారు. మేస్త్రి, వడ్రంగి, బండల పనివాళ్ళు వరసగా వచ్చి, పీటల మీద కూర్చున్న దంపతుల చేతుల మీదుగా అందుకోవాలి. బట్టలు తీసుకున్నారంటే మా పని ఇదీ, అందులో మాకు లోటేమీ లేదు అని నలుగురిలో ఒప్పుకున్నట్టే. మాచర్లలో బట్టల షోరూం కడుతున్న అమర్నాథ్ గారు కూడా వచ్చారు. ఈ ఇల్లు ఎవరు చేస్తే నా పనీ వాళ్ళకే అని ముందే చెప్పి ఉన్నారు.

శాంతమ్మ గారు మొదట ప్రసన్నను పిలిచింది. పట్టుచీర పెట్టి, "ఈ పిల్లే ఇల్లంతా గీసింది," అని అందరికీ చూపించింది. ప్రసన్న వంగి దణ్ణం పెట్టింది. తర్వాత నా వంతని తిరుపతమ్మ కొంగు సర్దుకుంది. మేస్త్రిని పిలిచారు. వడ్రంగిని పిలిచారు. పెదకోటయ్యను పిలిచి పంచె పెట్టారు. ఆయన వెనకాలే పిలుపొచ్చింది.

"బండల కోటయ్య కూతురా, రామ్మా. గీతలు గీసే పిల్లవు నువ్వే గదా."

నేతచీర పట్టుకుని శాంతమ్మ గారు ఆప్యాయంగానే చేయి చాచింది. పెదకోటయ్య కొత్త పంచె పట్టుకుని అయోమయంగా కూతురి వైపు తిరిగాడు.

"ఏందమ్మా, నిన్నిటు పిలిచారేంది?"

తిరుపతమ్మ చీర అందుకోలేదు. "పిన్నీ, మా నాన్న పక్కన నిలబడటం నాకు నామోషీ కాదు. కానీ ఈ ఇల్లు ఆలోచించింది నేను. ఆ అరుగు మీ మోకాళ్ళు చూసి పెట్టాను."

శాంతమ్మ గారు తికమకపడింది. "ఏమ్మా ప్రసన్నా, నీ బొమ్మ చూసి ఈ పిల్ల నేలమీద గుర్తులు పెడతదని గదా చెప్పావు?"

హాలంతా ప్రసన్న వైపు తిరిగింది. తిరుపతమ్మ కూడా తిరిగింది. ఒక్క మాట చాలు. ఇద్దరం కలిసి చేశాం పిన్నీ అన్నా సరిపెట్టుకునేది.

ప్రసన్న పట్టుచీర అంచు సవరించుకుంటూ, "తను సైట్ చూసుకుంది పిన్నీ. చానా కష్టపడింది," అంది.

అమర్నాథ్ గారు మర్యాదగానే అడిగారు. "అమ్మాయ్, నువ్వు గీసిన డ్రాయింగ్ ఏదన్నా ఉందా?"

ఆమె గీసినవన్నీ వాళ్ళ కాళ్ళ కింద బండల అడుగున ఉన్నాయి.

పురోహితుడు ముహూర్తం దాటిపోతోందన్నాడు. పెదకోటయ్య గొంతు తగ్గించాడు. "తీసుకోమ్మా. పెట్టిన బట్టలు కాదంటే ఇంటికి మంచిది కాదు. మన రాయి ఉందమ్మా ఈ ఇంట్లో."

తిరుపతమ్మ చీర అందుకుంది.

గేటు దగ్గర ప్రసన్న పరిగెత్తుకొచ్చింది. "ఒసే, తప్పుగా అనుకోమాకు. క్వారీ వాళ్ళ పిల్ల గీసిందంటే ఇంత పని మన చేతికొచ్చేదా? నీ కోసమే అట్టా చెప్పా. అమర్నాథ్ గారి పని కూడా మనదే. సోమవారం వస్తావు గదా?"

"క్లాసులో అందరూ నవ్వారు గదే, నువ్వు తప్ప," అంది తిరుపతమ్మ. "నువ్వు కూడా ఆ రోజే నవ్వుంటే బాగుండేది."

ఆ సోమవారం ఆమె వెళ్ళలేదు. ఆ తర్వాతా వెళ్ళలేదు.

ఇప్పుడు గురజాలలో ఒంటరిగా పని చేస్తోంది. మొన్న కొత్తగా ఇల్లు కడుతున్న రైతు ఒకాయన ఫోన్ తెరిచి ఆమె ముందు పెట్టాడు. కిటికీ కింద రాతి అరుగు, దానిమీద శాంతమ్మ గారు నవ్వుతూ మిరపకాయల తొడిమలు తీస్తోంది.

"ఇట్టాంటిదే కావాలమ్మా. నరసరావుపేటలో ప్రసన్న గారని, ఆమె చేసిందంట. ఆమె డబ్బులు చానా తీసుకుంటదంట. నువ్వు చెయ్యగలవా?"

తిరుపతమ్మకు అది గీసింది నేనేనని చెబుదామని నోటిదాకా వచ్చింది. చెబితే ఈయనా సాక్ష్యం అడుగుతాడు.

"ఇదే అయితే చెయ్యలేను బాబాయ్," అని ఫోన్ తిరిగి ఇచ్చేసింది. "ఇది ఆవిడ మోకాళ్ళకు సరిపోయేది. మీ ఇంట్లో ఎవరెవరుంటారో చెప్పండి."

"అంటే, చూసి కూడా చెయ్యలేవా?" అన్నాడాయన, కాస్త అనుమానంగా.