పిన్నిగారి మొదటి ముద్ద

రాయపూర్‌లోని మోవా పేటలో ఉండే ఒక రిటైర్డ్ రైల్వే గార్డు భార్యను మేమంతా పిన్నిగారనేవాళ్లం. మొదటి ముద్ద పక్కవాళ్లకు పెట్టనిదే ఆవిడ తినేవారు కాదు. నాకది చాదస్తంగా తోచేది.

ఆ ఊళ్లోనే నాది టూర్ల ఆఫీసు. టర్కీ బయల్దేరబోతున్న మా తెలుగువాళ్లకు అక్కడి రుచులు పరిచయం చేద్దామని ఒక ఆదివారం హోటల్ నుంచి వంటకాలు తెప్పించాను. ద్రాక్షాకులో అన్నం పెట్టి చుట్టిన డోల్మా చూపించి, "ఇది పూర్తిగా శాకాహారం" అన్నాను. వంటవాణ్ని అడగలేదు. ఎక్కడో చదివాను, అంతే.

వాళ్లలో ఒకరైన పిన్నిగారు పుట్టి బుద్ధెరిగాక మాంసం తినలేదు. ఒక డోల్మా తీసి నా నోటి దగ్గర పెట్టారు.

"అరే బాబూ, పొద్దుట్నుంచి బక్‌బక్ చేస్తూనే ఉన్నావు. పెహలే నువ్వు తిను."

విసుక్కుంటూనే తిన్నాను. పంటికింద కీమా తగిలింది.

"పిన్నిగారూ, తినకండి! మాంసం ఉంది!"

రెండోదాని కోసం చాపిన ఆవిడ చెయ్యి అక్కడే ఆగింది. నా గుండె కుదుటపడింది. తల దించుకుని క్షమించమన్నాను.

"నేను తినలేదుగా, ఛోడో" అని నవ్వారు. "ఇంతకీ బాగుందా?"

ఇప్పుడు టర్కీలో మావాళ్లకు ఏది వడ్డించినా ముందు వంటవాణ్ని అడుగుతాను. ఆ తర్వాత మొదటి ముద్ద నేనే తింటాను.