వాగు దాటేదాకా

మొన్న భద్రాచలం నుంచి ఖమ్మం వస్తున్న బస్సులో ఎవరి మూటలోంచో ఇప్పపూల వాసన వచ్చింది. ఎండిన పూల వాసన, తీపిగా, కాస్త మత్తుగా. లా కాలేజీలో ఆ రోజు నేను చెప్పాల్సిన పాఠం రాయబారులకూ రాయబార కార్యాలయాలకూ అంతర్జాతీయ చట్టం ఇచ్చే రక్షణ గురించి. దారిలో ఒకసారి మననం చేసుకుందామని కళ్ళు మూసుకున్నాను. పాఠం ఎటో పోయింది. చేతిలో సొరకాయ బుర్రతో ముత్తమ్మ పెద్దమ్మ కళ్ళ ముందు నిలబడింది.

ముత్తమ్మ నాకు చుట్టం కాదు. దుమ్ముగూడెం అవతల, అడవి అంచున ఉన్న మా ఊళ్ళో పక్కింటావిడ. తన కోడి మా పెరట్లోకి వస్తే కోడిని వదిలి మమ్మల్ని తిట్టే రకం. నేను లా చదువుతానన్నప్పుడు, కొట్లాటలు చదువుకోవడానికి ఖమ్మం దాకా పోవాలా, మనూళ్ళో తక్కువయ్యాయా అని వాడంతా వినేలా నవ్వింది. కానీ పొరుగూరి తరఫున మాట మోసుకొచ్చే మనిషి ఎవరైనా ముందు ఆమె గడపకే వచ్చేవాడు. ఆమె ఎండిన సొరకాయ బుర్రతో నీళ్ళిచ్చేది. ఆ నీళ్ళు తాగిన మనిషి తిరిగి వాగు దాటేదాకా, ఎంత చేదు మాట తెచ్చినా సరే, అతని మీద ఎవరూ చెయ్యి వెయ్యకూడదు. నీళ్ళిచ్చిన వాళ్ళే వాగుదాకా వెంట నడవాలి. అది మా ఊరి పద్ధతి.

ఆ ఏడు ఇప్పపూలు రాలే రోజుల్లో మా ఊరి గొడ్లు వాగవతలి ఊరి మిరపచేలో పడ్డాయి. కాయ మీదున్న చేను నేలమట్టమైంది. గొడ్లు కాస్తున్న సమ్మయ్యను వాళ్ళు పట్టుకుపోయారు. సమ్మయ్య ముత్తమ్మకు ఒక్కగానొక్క కొడుకు. మర్నాడు పొద్దున్నే ఆ ఊరి నుంచి భీమయ్య అనే పెద్దమనిషి వచ్చి, చేను సంగతి తేలేదాకా సమ్మయ్యను వదలరని చెప్పాడు. పెద్దమ్మ ఆ మాట మొత్తం విని, నీళ్ళ బుర్ర అందించింది. అతను తాగి లేచేసరికి మా కుర్రాళ్ళు చుట్టుముట్టి, గొడ్ల కొట్టంలోకి తోసి గడియ పెట్టారు. మన మనిషిని పంపితేనే ఇతన్ని పంపుతామన్నారు. ఊళ్ళో చాలామందికి అదే సబబనిపించింది.

పెద్దమ్మ కొట్టం దగ్గరికి నడిచింది. మా చిన్నాన్న తలుపుకు అడ్డం నిలబడ్డాడు.

"నీ కొడుకు ఆడున్నడు గద, వదినా."

"అవ్. ఆడున్నడనే తలుపు తియ్యమంటున్న. గీయన్ను పట్టుకుంటే రేపు మన మాట మోసుకపొయ్యేటోడు ఎవడు? మాటే నడవకపోతే నా కొడుకు ఎట్లొస్తడు?"

చిన్నాన్నను పక్కకు తప్పించి, ఆమే గడియ తీసింది. సెలవులకు ఇంటికొచ్చిన నన్ను కూడా తోడు రమ్మంది.

ముగ్గురం ఇప్పచెట్ల కింద నడిచాం. రాలిన పూలు కాళ్ళ కింద మెత్తగా నలుగుతున్నాయి. మంచు ఇంకా విడవలేదు. ముందు నడుస్తున్న ఇద్దరూ ఒకసారి కనిపిస్తూ ఒకసారి మాయమవుతూ ఉన్నారు. ఆ నడక ఇప్పటికీ నాకు కలలాగే గుర్తుంది. వాగు దగ్గర నేను వాళ్ళను అందుకునేసరికి పెద్దమ్మ చేతిలోని బుర్ర తొణికి, అతను తాగగా మిగిలిన నీళ్ళు నా పాదాల మీద చల్లగా పడ్డాయి. వాగులో దిగబోతూ భీమయ్య వెనక్కి తిరిగాడు.

"రాత్రి బువ్వ తిన్నడక్కా, నీ కొడుకు," అన్నాడు.

అతను అవతలి గట్టెక్కేదాకా ఆమె నిలబడే ఉంది. తర్వాత ఇసుకలో కూలబడి ఏడ్చింది. అంత గట్టి మనిషి అలా ఏడుస్తుంటే నాకు భయం వేసింది.

ఇప్పుడు మా ఊరి మాట మోసుకుపోవాలి. భీమయ్యకు జరిగింది చూశాక, అక్కడ తమకూ అదే జరుగుతుందని ఎవరూ ముందుకు రాలేదు. పెద్దమ్మే వెళ్ళింది. భీమయ్య ఎదురొచ్చి తన ఇంటి బుర్రతో నీళ్ళిచ్చాడట. పాడైన చేలో మా ఊరివాళ్ళు పనిచేసి, వానలు పడ్డాక మళ్ళీ నాటిపెట్టాలని మాట కుదిరింది. పొద్దుగూకేవేళకు ఆమె సమ్మయ్యను వెంటబెట్టుకుని, దారిపొడవునా తిడుతూ వచ్చింది. వాడి మణికట్టు వాచి ఉంది. ఆ చెయ్యి మళ్ళీ పూర్తిగా ముడుచుకోలేదు. ఆ సంగతి ఎత్తితే పెద్దమ్మ లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయేది.

ఆమె పోయి చాలా ఏళ్ళయింది. ఏటా నా క్లాసులో ఎవరో ఒకరు అదే అడుగుతారు: వాళ్ళు మన రాయబారిని బందీ చేస్తే, మనం వాళ్ళ రాయబారిని ఎందుకు పట్టుకోకూడదు? కూడదని చెబుతాను. యుద్ధమే వచ్చినా అతన్ని క్షేమంగా పంపాల్సిన బాధ్యత అతనున్న దేశానిదేనని, చట్టం అలాగే అంటుందని చెబుతాను. పుస్తకంలో ఆ వాక్యానికి జంకూ గొంకూ ఉండదు. నేను మాత్రం దాన్ని చదివిన ప్రతిసారీ నా పాదాల మీద చల్లగా నీళ్ళు పడతాయి.