ఖాళీ పేజీల సభ

నిన్న నంద్యాలలో ఒక ఆఫీసు బల్ల మీద మా ఊరి గ్రామసభ పుస్తకం చూశాను. ఆళ్లగడ్డ అవతల ఉన్న మా ఊరి గుట్టను కంకర క్రషర్‌కు ఇవ్వడానికి ఊరంతా ఒప్పుకున్నట్టు అందులో గుండ్రటి అక్షరాలతో తీర్మానం ఉంది. ఆ గుట్ట కిందే మా తాగునీటి బోరు. వద్దని అర్జీ ఇవ్వడానికి నలుగురం పోయాం. గుమాస్తా పుస్తకం మావైపు తిప్పి, "ఇవి మీ సంతకాలేనా కాదా చెప్పప్పా?" అన్నాడు. మావే. మొదటిది నాది.

పోయిన ఏడాది డిప్లొమా ముగించి ఊరికే ఉన్న రోజుల్లో ఆ పుస్తకం ఇంటింటికీ తిప్పింది నేనే. సభ పెడితే ఎవరూ రారు, కోరం చాలదు, ముందే సంతకాలు తెమ్మన్నాడు సర్పంచన్న. ఏ పనైనా పద్ధతిగా చేయడం నాకొక జబ్బు. వీధుల వారీగా జాబితా రాసుకున్నాను. ఎవరు ఏ వేళకు ఇంట్లో ఉంటారో పక్కనే గుర్తు పెట్టుకున్నాను. నాలుగుసార్లు తిరగడం దండగని, ఏడాదిలో జరగాల్సిన నాలుగు సభలకూ నాలుగు ఖాళీ పేజీల్లో ఒకేసారి పెట్టించాను. జొన్నరొట్టెలు తట్టే ఆడవాళ్లు చేతి పిండి కొంగుకు తుడుచుకుని వేలిముద్ర వేశారు. ఒకామె ఎండలో తిరుగుతున్నానని జాలిపడి మజ్జిగ ఇచ్చింది. పైన ఏం రాస్తారని ఎవరూ అడగలేదు.

అడిగింది మా పెద్దనాయన ఒక్కడే. చర్చి బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. కళ్లద్దాలు పెట్టుకుని పేజీని ఇటూ అటూ తిప్పాడు.

"సభ యాడ జరిగిందిరా?"

"జరగల్యా పెద్దనాయనా. జరిగినట్టే."

"ఏం రాసినారు ఈడ?"

"తర్వాత రాస్తారంట."

"అట్లయితే నా సంతకమూ తర్వాతే."

సభ అని దండోరా వేసిన రోజు ఆయన ఉతికిన పంచె కట్టుకుని, పంచాయతీ ఆఫీసు అరుగు మీద పదింటి నుంచి ఒంటిగంట దాకా ఒక్కడే కూర్చున్నాడు. టీ కొట్టు దగ్గర ఒకటే నవ్వులు. "ఏం ఇంజనీరూ, మీ పెద్దనాయన సభ జరుపుతాండాడు, పోయి చప్పట్లు కొట్టుపో!" నేనూ నవ్వాను. అటుగా పోతుంటే ఆయన పిలిచాడు. "నువ్వూ కూచోరా. ఇద్దరమైతాం." బస్సుకు టైమైందన్నాను. ఆ రోజు నేను ఎక్కాల్సిన బస్సేదీ లేదు.

నిన్న గుమాస్తా పుస్తకం మూయబోతే ఆపి, మిగిలిన మూడు పేజీలూ తిప్పాను. సంతకాలు, వేలిముద్రలు వరుస తప్పకుండా ఉన్నాయి. పైన ఒక్క అక్షరం లేదు, తేదీ కూడా లేదు.

"వీటినన్నా కొట్టేయండన్నా," అన్నాను.

"కొట్టేయాలన్నా సభ పెట్టి తీర్మానం చెయ్యాల్సిందేప్పా. వచ్చేవాళ్లుండారా మీ ఊర్లో?"

గుమాస్తా పుస్తకం మూసేశాడు.

జరిగిపోయిన రోజుల కోసం మనుషులు దిగులు పడతారు. నాకు భయమంతా ఇంకా రాని ఆ మూడు సభల రోజుల గురించే. వాటిలో ఏం జరిగినా సరేనని మేమంతా ఎప్పుడో ఒప్పేసుకున్నాం.