మూడు క్లిక్కుల సేపు

నాకు మాన్యువల్ కెమెరా చేతకాకే పాత ఇంటి ఆఖరి ఫొటో చెడిపోయిందని మావారు అందరికీ చెబుతారు. అబద్ధం. నాచారంలో ఆ ఇంటిని బిల్డర్‌కు అప్పగించే రోజు, చీకటి హాలూ కిటికీ బయటి ఎండా ఒకే ఫొటోలో కనిపించాలని కెమెరాను స్టాండు మీద పెట్టాను. వెలుతురు ఎక్కువా తక్కువా పడేలా షట్టర్ వేగం మారుస్తూ మూడు ఫొటోలు తీసి, తర్వాత ఒక్కటిగా కలపాలి. కిటికీ పక్కన ఆయన్ను నిలబెట్టాను.

“మూడు క్లిక్కులయ్యేదాక కదలకుండ్రి.”

“ఫోన్ల గొడ్తే అయిపోతుండె గదా, గింత కథేంది?”

రెండో క్లిక్కుకే ఆయన జేబులో ఫోన్ మోగింది, తల తిప్పేశారు. రాత్రి కంప్యూటర్‌లో కలిపి చూస్తే మనిషికి రెండు తలలు! మళ్లీ తీద్దామంటే బిల్డర్ మనుషులు అప్పటికే తాళాలు తీసుకుపోయారు. ఇప్పుడక్కడ ఐదంతస్తులు. ఉప్పల్‌లో క్రికెట్ మ్యాచ్ ఉంటే టీవీ ముందు మూడు గంటలు కదలని మనిషి, నాకోసం మూడు క్లిక్కుల సేపు ఎందుకు నిలబడలేకపోయారు?