నాలుగు గళ్ల కుటుంబం

నేను ఉద్యోగంలో చేరిన నలభై మూడో రోజు, బుధవారం, ఉదయం తొమ్మిది గంటల ఇరవై నిమిషాలు. ఆకాశంలో మబ్బు లేదు. తూర్పుగాలి ఊరి చుట్టూ కల్లాల్లో ఆరబోసిన మిరపకాయల ఘాటును తిన్నగా మా ఒకటో తరగతిలోకి మోసుకొస్తోంది. హాజరు పిలవడం పూర్తయ్యేసరికి ఏడుసార్లు తుమ్మాను. ఆ రోజుల్లో, గళ్లు గీసి నింపితే ప్రపంచంలో అర్థం కానిదేదీ మిగలదని నాకొక గట్టి నమ్మకం ఉండేది. (ఇరవై మూడేళ్ల వయసులో అలాంటి నమ్మకాలు సులువుగా కుదురుతాయి.) ఆ నమ్మకంతోనే, పిల్లలు తమ కుటుంబాలను గీసిన కాగితాలన్నీ కలిపి బొమ్మల పుస్తకంగా కుట్టి, శనివారం పెద్దలందరికీ చూపించాలని సంకల్పించాను. తరగతి గోడమీది ‘నా కుటుంబం’ పటంలో ఉన్నట్టే నాన్న, అమ్మ, సోదరుడు, సోదరి అని నాలుగు గళ్లు గీసి, ముప్పై ఒక్క జిరాక్సులు తీయించాను. ఏ గడీ ఖాళీగా ఉండరాదు, గడి దాటి గీయరాదు. నమూనాగా నా కుటుంబాన్ని నల్లబల్ల మీద గీసి చూపించాను కూడా.

పదకొండు మంది ఉన్న ఇంటివాడు బాబాయిలందరినీ నాన్న గడిలో కుక్కాడు. మిరపగింజలా చిన్నగా, ఘాటుగా ఉంటుందని అందరూ గింజ అని పిలిచే పిల్ల నాలుగు గళ్లలోనూ వాళ్ల అమ్మమ్మనే గీసింది. తల్లిదండ్రులు లేని ఆ పిల్లను అమ్మమ్మే పెంచుతోందని నాకు తెలుసు. అయినా ఒకే మనిషిని నాలుగుసార్లు లెక్కించే పద్ధతి ఎక్కడా లేదు గనుక, ఆ కాగితం పుస్తకంలో చేరదని తిప్పి ఇచ్చేశాను. గింజ ఏడవలేదు. కాగితం మడిచి సంచిలో పెట్టుకుని, సాయంత్రం దాకా నా వైపు చూడలేదు.

మర్నాడు ఎనిమిది యాభైకి, మిరపకోతకు వెళుతూ తలగుడ్డతోనే అమ్మమ్మ వచ్చింది.

“మా పిల్ల తప్పేం గీసింది మేష్టారూ?”

“నాన్న గడిలో నాన్న ఉండాలి కదమ్మా.”

“సైకిలు మీద బడికి దింపేది నేను. జడేసేది నేను. గచ్చకాయలాడి దానిచేత ఓడిపోయేది నేను, దువ్వెన కోసం దాంతో కొట్టుకునేది నేను. నాలుగు గళ్లూ నిండినయ్యా లేదా?”

నేను రిజిస్టరు సర్దుకున్నాను.

“మీరు బోర్డు మీద చెల్లెలిని గీశారంటగా, మా గింజ చెప్పింది. ఆ అమ్మాయిని ఎక్కడిచ్చారు?”

నాకు చెల్లెలు లేదు. అమ్మానాన్నలు కూడా లేరు. నన్ను పెంచింది మేనత్త. సోదరుడి గడిలో నన్ను గీసుకుని, మిగతా ముగ్గురినీ పటం చూసి కల్పించాను. ఆ మాటే నెమ్మదిగా చెప్పాను.

“అయితే మా పిల్ల నిజం గీసింది. మీరేమో...” అని ఆగి, “పోన్లెండి, చిన్నవయసు,” అని కోతకు వెళ్లిపోయింది.

ఆ ఉదయమే పిల్లలందరికీ గళ్లు లేని తెల్లకాగితాలు పంచాను. గింజ మాత్రం కొత్త కాగితం వద్దంది. మడతలు పడ్డ పాతదాన్నే తీసి, మూలన తన బొమ్మ కలిపి ఇచ్చింది. నేనూ ఒక కాగితం తీసుకుని, అత్తనూ నన్నూ గీశాను. శనివారం ఆ పుస్తకం చేతులు మారుతూ పోయి, నా దగ్గరకు తిరిగి రావడానికి రెండు గంటల పది నిమిషాలు పట్టింది. నా ఉద్యోగంలో నేను గర్వంగా చెప్పుకునే పని అది. ఇప్పటికీ అప్పుడప్పుడు తీసి లెక్క సరిచూసుకుంటాను, ఆ ఇరవై మూడేళ్లవాణ్ణి తలుచుకుని నవ్వుకుంటాను.

పేజీలు ముప్పై రెండు. మనుషులు నూట డెబ్బై నాలుగు. గింజ అమ్మమ్మను ఒక్కసారే లెక్కిస్తే నూట డెబ్బై ఒకటి వస్తుంది. నేను నూట డెబ్బై నాలుగే వేశాను.