నాగమణికి నేనమ్మిన జాకీ

తొమ్మిదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చాలా చిన్న అబద్ధం. "తప్పు నీదే చెల్లెమ్మా" అన్నాను, అంతే. ఆ మాట అన్న రోజు నుంచీ దాన్ని వెనక్కి తీసుకోవడానికి నాకు ఎన్నో అవకాశాలు వచ్చాయి. ఒక్కటీ వాడుకోలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. మొహం తెలిసినవాళ్లకి చెప్పే ధైర్యం ఉంటే ఇన్నేళ్లు ఎందుకు పడుతుంది?

మాది యానాం. బండ్ల సామాన్ల కొట్టు నాది. పానాలు, ఫిల్టర్లు, బ్రేకు సామాను, జాకీలు. ఇక్కడ చవకని వంతెన అవతలి నుంచి పెట్రోలు కొట్టించుకోవడానికి వచ్చేవాళ్లు కూడా పనిలో పనిగా నా కొట్టు ముందు ఆగుతారు. ఏ బండికి ఏది సరిపోతుందో నన్నడిగితే చాలు అని పేరు. ఆ పేరంటే నాకు ప్రాణం. దాని మీద గీత పడితే నేనెలాంటివాణ్ణో నాకు అప్పటిదాకా తెలియదు.

నాగమణిది కనకాలపేట. ఎనిమిది సీట్ల పాత వ్యాను నడిపేది. పొద్దున్నే కనకాలపేటలోనూ దరియాలతిప్పలోనూ ఆడవాళ్లను ఎక్కించుకుని రొయ్యల షెడ్డుకి తీసుకెళ్లేది, సాయంత్రం తిరిగి దింపేది. భర్త సత్యం చెరువుల మీద కాపలా. బండి బాగుచేసే పనులు ఆవిడ చాలామటుకు ఇంటి దగ్గరే చేసుకునేది. ఆయిల్ మార్చడం, చక్రాలు మార్చడం, బ్రేకులు చూసుకోవడం. ఎవరి దగ్గర నేర్చుకుందో నాకు తెలియదు. చూసి నేర్చుకున్నానని ఒకసారి అంది. ఆ మాట నాకు నచ్చలేదు. ఎందుకు నచ్చలేదు? నేను ఒక మేస్త్రీ దగ్గర ఆరేళ్లు తిట్లు తిని నేర్చుకున్నాను కాబట్టా? లేక అన్నది ఆడమనిషి కాబట్టా? రెండూ అయ్యుండాలి.

బండితో వచ్చిన చిన్న జాకీతో అవస్థ పడుతున్నానని, మంచి ట్రాలీ జాకీ కావాలని వచ్చింది. ట్రాలీ జాకీ అంటే చక్రాల మీద దొర్లుకుంటూ బండి కిందకి దూరేది. హ్యాండిల్ కుడివైపు తిప్పి వాల్వ్ బిగించి, పైకీ కిందికీ కొడుతుంటే లోపలి నూనె ఒత్తిడితో బండి లేస్తుంది. వాల్వ్ వదిలినా, సరిగ్గా బిగించకపోయినా దిగిపోతుంది. ఒక కాగితం మీద తన బండి బరువు, కిందున్న ఖాళీ, చక్రం ఊడాలంటే ఎంత ఎత్తు లేవాలి, అన్నీ రాసుకొచ్చింది. ఆ టైములో కొట్టులో నలుగురైదుగురు ఉన్నారు. నేను కాగితం చూడలేదు. మూడు టన్నులది తీసుకోమన్నాను. పెద్దది చెబితే పెద్దమనిషిలా ఉంటుంది కదా, అలవాటుగా చెప్పాను.

ఆవిడ చేతిసంచిలోంచి టేపు తీసి ఆ జాకీ ఎత్తు కొలిచింది.

"అన్నయ్యా, ఇది నా బండి కిందకి దూరదండి. రెండు వేళ్ల ఎత్తు ఎక్కువుంది. పైగా ఎత్తేది ఒక మూలే గదా, రెండు టన్నులది చాలదేటి?"

చాలు. నూటికి నూరుపాళ్లు చాలు. నాకు తెలుసు. కానీ పక్కనున్న లారీ ఓనరు పగలబడి నవ్వాడు. "కొట్టు ఆవిడికిచ్చేసి నువ్వు ఇంటికాడ కూకో!" అన్నాడు. అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. ఇబ్బందిపడి టేపు చుట్టుకుంటూ, "నాకేం తెలుసండి, అన్నయ్యకి తెలీనిదా" అని నన్ను కాపాడబోయింది. అది నన్ను ఇంకా మండించింది.

ఇక్కడి నుంచి నెమ్మదిగా రాయాలి.

నా దగ్గర రెండు టన్నుల జాకీలు రెండున్నాయి. ఒకటి కొత్తది. రెండోది అగ్రహారం నుంచి ఒకాయన అంతకు పది రోజుల ముందు తిరిగి ఇచ్చేసినది. బండి ఎత్తి పెడితే దానంతటదే దిగిపోతోందని చెప్పాడు. నేనే ఎత్తి చూశాను. నిజమే. లోపల నూనె కారకుండా ఆపే రబ్బరు సీలు పాడైంది. ఆయనకి వేరేది ఇచ్చి, దీన్ని కంపెనీకి పంపాలని వెనక గదిలో పెట్టాను. ఆ రోజు నాగమణిని ఆగమని చెప్పి వెనక గదిలోకి వెళ్లాను. రెండు పెట్టెలూ పక్కపక్కనే ఉన్నాయి. పొరపాటున తీశానని ఎన్నోసార్లు నాకు నేను చెప్పుకున్నాను. పొరపాటు కాదు. పెట్టె అడుగున నూనె మరక ఉంటే గుడ్డతో తుడిచాను. పొరపాటు చేసేవాడు మరక తుడుస్తాడా?

చంపాలనుకున్నానా? లేదు. చెయ్యి పోవాలనుకున్నానా? అదీ లేదు. నేను కోరుకున్నది వేరు. ఆవిడ రెండు రోజుల్లో జాకీ పట్టుకుని తిరిగి వస్తుంది, అప్పుడు ఇదే జనం ముందు "అన్నీ కొలిచావు గానీ వాల్వ్ బిగించడం రాలేదా?" అంటాను. అందరూ ఈసారి ఆవిణ్ణి చూసి నవ్వుతారు. ఆ మాటని లోపల గదిలోనే తయారుచేసుకున్నాను. నాలుగైదు రకాలుగా అనుకుని చూసి, బాగా తగిలేది ఏరుకున్నాను.

జాకీ తీసుకుంటూ ఆవిడ స్టాండ్లు అడిగింది. ఎత్తిన బండి కింద ఆనించే ఇనప స్టాండ్లు. జాకీ మోసం చేసినా అవి మోస్తాయి. పైన అటక మీద మూడు జతలున్నాయి. అయిపోయాయన్నాను. వచ్చే వారం వస్తాయన్నాను. స్టాండ్లు ఉంటే జాకీ దిగినా ఆవిడకి తెలియదు, తిరిగి రాదు, నా మాట నాలోనే ఉండిపోతుంది. అంతే లెక్క.

"అయితే అవి వచ్చేదాకా బండి కిందకి దూరనండి. చక్రం వరకే చూసుకుంటాను" అంది. అంత జాగ్రత్తగల మనిషి.

మాట మీద నిలబడింది కూడా. ఆదివారం ఇంటి ముందు బండి ఎత్తి, ముందు చక్రం ఊడదీసి, బ్రేకు చూసుకుంది. కిందకి దూరలేదు. చివర్లో ఒక నట్టు దొర్లి చక్రం ఉండాల్సిన చోటు కిందకి పోయింది. దానికోసం కుడిచెయ్యి పెట్టింది. నేను చూసినప్పుడు మెల్లగా కారిన సీలు ఆ క్షణాన ఒక్కసారిగా చిరిగిపోయింది. బండి బరువంతా ఆ చేతి మీదకి దిగింది. సత్యం, చుట్టుపక్కలవాళ్లు బండిని ఎత్తి చెయ్యి బయటికి తీయడానికి ఎంతసేపు పట్టిందో నేను ఎవరినీ అడగలేదు. అడగకుండానే కొందరు చెప్పారు. కాకినాడ తీసుకెళ్లారు. మూడు వేళ్లు తీసేశారు. మణికట్టు తిరగదన్నారు.

వార్త విన్నప్పుడు భయపడ్డాను. ఆవిడ కోసం అని చెబితే అబద్ధమవుతుంది. జాకీ ఎవరి చేతిలో ఉందా అన్నదే నా మొదటి ఆలోచన.

మూడో రోజు సత్యమే దాన్ని నా దగ్గరికి తెచ్చాడు. గొడవకి వచ్చాడనుకున్నాను. కళ్లు ఉబ్బి ఉన్నాయి. "ఇది బాగుందో లేదో మీరే చూసి చెప్పండి అన్నయ్యగారూ. మాకు మీకంటే తెలిసినోళ్లెవరు" అన్నాడు. ఉంచి వెళ్లమన్నాను. మధ్యాహ్నం భోజనం వేళ షట్టరు సగానికి దించి, జాకీ విప్పి, చిరిగిన సీలు తీసేసి కొత్తది వేశాను. నూనె నింపాను. బయట మురికి మాత్రం అలాగే ఉంచాను, విప్పినట్టు తెలియకూడదని. పాత సీలు ముక్కని గోదావరి గట్టు మీద నడుస్తూ నీళ్లలోకి విసిరేశాను. నా చేతులు ఎంత నేర్పుగా పనిచేశాయో తలుచుకుంటే ఇప్పటికీ వాటిమీద అసహ్యం పుడుతుంది. వణకలేదు. ఒక్క స్క్రూ జారలేదు.

మర్నాడు పొద్దున సత్యాన్ని పిలిచి, కొట్టు ముందు అదే లారీ ఓనరు కారుని ఆ జాకీ మీద ఎత్తి నిలబెట్టాను. జనం పోగయ్యారు. మూడు గంటలు కదలకుండా నిలబడింది. ఎవరో "జాకీ బంగారంలా ఉంది" అన్నారు. ఇంకెవరో "ఆడోళ్లకెందుకు ఈ పన్లు" అన్నారు. నేనేమీ అనలేదు. అనాల్సిన అవసరం లేకుండా ఏర్పాటు చేసుకున్నాను కదా. సత్యం కాసేపు ఆ కారు వంకే చూసి, తల వంచుకుని వెళ్లిపోయాడు.

ఇంతవరకే అయితే భయంతో చేశానని చెప్పుకోవచ్చు. తర్వాతిది భయంతో చేసింది కాదు.

నెల తర్వాత బత్తాయిలు పట్టుకుని ఆవిణ్ణి చూడటానికి వెళ్లాను. వెళ్లకపోతే బాగుండదని వెళ్లాను. గుమ్మం పక్కన కుర్చీలో కూర్చుని ఉంది, కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో దిండు మీద. వాళ్లమ్మాయి, అప్పుడు తొమ్మిదో తరగతి, నాకు మంచినీళ్లు తెచ్చి ఇచ్చి అక్కడే గోడకి ఆనుకుని నిలబడింది. నాగమణి నేను రావడమే పెద్ద సంగతన్నట్టు సంతోషపడింది. అప్పుడు అడిగింది.

"అన్నయ్యా, ఒక్కటి అడుగుతాను, ఏమనుకోకండి. నేను వాల్వ్ బిగిచ్చాననే గుర్తండి. రెండు సార్లు తిప్పి చూసుకున్నాను. మరి ఎలా దిగిందంటారు?"

ఆ ప్రశ్న అడగడానికి ఆవిడ నెల రోజులు కాచుకుని ఉంది. గొంతులోనే తెలిసింది. నేను "ఏమో" అని ఉండవచ్చు. "ఒక్కోసారి అలా జరుగుతుంది" అని ఉండవచ్చు. ఆ రెండింటిలో ఏది అన్నా నేను దొరికిపోయేవాణ్ణి కాదు. జాకీ మంచిదని ఊరంతా చూసింది, నాకు ఏ ప్రమాదమూ లేదు. అయినా ఏమన్నాను?

"బిగించాననే అనుకుంటావు చెల్లెమ్మా. కంగారులో మర్చిపోయుంటావు. జాకీ మూడు గంటలు నిలబడింది, మీ ఆయన చూశాడు గదా."

"అయితే నేనేనంటారా?"

"తప్పు నీదే చెల్లెమ్మా. అన్నీ కొలిచావు గానీ వాల్వ్ బిగించలేదు."

వెనక గదిలో తయారుచేసుకున్న మాట. కొట్టులో నలుగురి ముందు అనాలనుకున్నది, వేళ్లు పోయిన మనిషి ఎదురుగా కూర్చుని అన్నాను. ఆవిడ నెమ్మదిగా తల ఊపింది. "ఆయ్, అంతే అయ్యుంటాదండి" అంది. కాసేపటికి, "పోన్లెండి, బండిలో ఆడోళ్లున్నప్పుడు ఏ తప్పూ చెయ్యలేదు, అదే పదివేలు" అంది. ఆవిడ తల ఊపిన ఆ క్షణంలో నాకు హాయిగా అనిపించింది. ఈ వాక్యం దగ్గర కలం చాలాసేపు ఆగింది. కానీ ఇది రాయకపోతే మిగతాది రాసి ఏం లాభం? హాయిగా అనిపించింది. గెలిచినట్టు అనిపించింది. బత్తాయిలు అక్కడ పెట్టి, లేచి, బండెక్కి వచ్చేశాను.

తర్వాత వ్యాను అమ్మేశారు. నాగమణి ఒకప్పుడు తను దింపే షెడ్డులోనే హాజరు రాసే పనిలో చేరింది. ఎడమచేత్తో రాయడం నేర్చుకుంది. ఎవరైనా చెయ్యి సంగతి అడిగితే దాచదు. "నా అజాగ్రత్తండి, వాల్వ్ బిగిచ్చలేదు" అని చెబుతుంది. ఆ మాట నేను నా చెవులతో రెండుసార్లు విన్నాను. ఒకసారి నా కొట్టు ముందే, నా వైపు చూపించి, "ఈ అన్నయ్యే చూసి చెప్పారు" అంది. నేను తల ఊపాను.

వాళ్లమ్మాయికి బండ్లంటే ఇష్టం. పదో తరగతి అయ్యాక ఐటీఐలో మోటారు మెకానిక్ చేరతానందట. సత్యం ఎప్పుడో నూనె డబ్బా కొనడానికి వచ్చి చెప్పాడు. "ఆళ్లమ్మ ఒప్పుకోలేదండి. రెండ్రోజులు అన్నం మానేసింది పిల్ల. మన చేతులకి ఆ పని రాదే, నాకు జరిగింది చూసి కూడానా అని ఈవిడేమో ఏడ్చి మాన్పించేసింది." ఆ పిల్ల ఇప్పుడు ఒక బట్టల కొట్టులో చీరలు మడతపెడుతుంది. సత్యం ఆ మాట చెబుతున్నప్పుడు నేను కౌంటరు మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నాను. అప్పుడు చెప్పాల్సింది. "ఆవిడకి పని వచ్చు, నా కంటే బాగా వచ్చు" అని ఒక్క మాట. అది చెబితే మిగతాదంతా చెప్పాలి. డబ్బా ఇచ్చి పంపించాను.

నేను మారిపోయానని, మంచివాణ్ణయిపోయానని మీకు చెప్పను. కొట్టు బాగానే నడుస్తోంది. జాకీ కొనేవాళ్లకి స్టాండ్లు కూడా తీసుకోమని పట్టుబట్టి చెబుతాను. జాగ్రత్తగల మనిషినని జనం మెచ్చుకుంటారు. ఎవరూ లేనప్పుడు అప్పుడప్పుడు నన్ను నేను అడుగుతాను: ఆ రోజు లారీ ఓనరు నవ్వకపోతే ఇదంతా జరిగేదా? అడిగిన వెంటనే తెలుస్తుంది, తప్పుని ఇంకొకరి మీదకి తోయడం నాకు ఎంత బాగా వచ్చో.

ఆవిడకి చెబుతానా? తెలియదు. కనకాలపేట దారి వరకూ వెళ్లి బండి తిప్పుకుని వచ్చిన రోజులున్నాయి. మీకు మాత్రం చెప్పేశాను. వాల్వ్ ఆవిడ బిగించింది. సీలు పాడైందని నాకు తెలుసు, తెలిసే అమ్మాను, స్టాండ్లు దాచాను, తర్వాత సీలు మార్చాను, తప్పు ఆవిడదే అన్నాను. ఇంత రాశాక గుండెల్లో కాస్త తేలిగ్గా ఉంది. తొమ్మిదేళ్లలో మొదటిసారి. ఆ తేలిక కూడా నాకే దక్కింది. నాగమణి ఈ పూట కూడా తప్పు తనదే అనుకుంటూ, ఎడమచేత్తో అన్నం కలుపుకుంటూ ఉంటుంది.