కరెంటు కోతలు కాపాడిన ప్రోగ్రాం

కారంపూడి అవతల ఒక ఊరి పాలకేంద్రంలో పాలు చల్లబరిచే ట్యాంకు ఉంది. దాన్ని నడిపే ప్రోగ్రాం నేను రాసిందే. పాలు వేడెక్కుతుంటే కంప్రెసర్ వేయాలి, చల్లబడితే ఆపాలి. రాత్రీ పగలూ దానికి అదొక్కటే పని. చాన్నాళ్లు బాగానే చేసింది. నేను కాస్త గర్వపడ్డాను కూడా.

నిజానికి దాన్ని కాపాడింది కరెంటు కోతలు. ట్యాంకులో వేడి చూసిన ప్రతిసారీ ప్రోగ్రాం కొంచెం మెమరీ తీసుకునేది. పనయ్యాక దాన్ని వదిలిపెట్టే ఏర్పాటు నేను చేయలేదు. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా కంట్రోల్ పెట్టె మళ్లీ మొదలయ్యేది, మెమరీ అంతా ఖాళీ అయ్యేది. నా తప్పు పైకి రాలేదు.

వేసవిలో ఆ పెట్టెకు ఇన్వర్టర్ పెట్టించారు. అక్కణ్ణుంచి కరెంటు పోయినా అది ఆగలేదు.

కేంద్రం చూసుకునేది మా బాబాయి వరసాయన. ఓ మధ్యాహ్నం ఫోన్ చేశాడు.

"ఏందిరా ఇది, తెరమీద అంకెలు చానా నిదానంగా మారుతున్నయ్. మాచర్ల బస్సే నయం."

వదలని మెమరీ పేరుకుపోతోందన్న సంగతి నాకు వెంటనే తట్టింది. అయినా, "రోజూ పొద్దున్నే ఒకసారి ఆపి మళ్లీ వెయ్యి బాబాయ్, సరిపోద్ది" అన్నాను. ఆ ఎండలో నరసరావుపేట నుంచి బస్సెక్కడానికి బద్ధకించాను.

ఆయన రోజూ స్నానం చేసినంత నియమంగా దాన్ని ఆపి మళ్లీ వేసేవాడు. క్రోసూరులో పెళ్లికి పోతూ, తన బదులు కూర్చున్నామెకు ఆ మాట చెప్పడం మరిచాడు. ఆయన లేనప్పుడు పెట్టె బిగుసుకుపోయింది. కంప్రెసర్ ఆగే ఉంది. తెరమీద మాత్రం పాత చల్లని అంకె కదలకుండా నిలిచింది. ఆమె దాన్నే నమ్మింది. మూత తీసేసరికి పాలు విరిగి ఉన్నాయి.

నేను వెళ్లేటప్పటికి పాలుపోసే ఆడవాళ్లు బాబాయిని నిలదీస్తున్నారు. "పెళ్లిలో నువ్వు పాయసం తాగొచ్చావు, మా పాలేమో కాలవ తాగింది." ఇక ఇక్కడ పాలు పొయ్యబోమని ఒకామె అంది.

"తప్పు ఆయనది కాదక్కా, నాది" అన్నాను.

ప్రోగ్రాం మార్చి రాశాను. కేంద్రంలో ఉన్న క్యాన్లనే కడిగి మళ్లీ వాడినట్టు, మొదట తీసుకున్న మెమరీతోనే సరిపెట్టుకోవాలి, నడుస్తుండగా కొత్తది అడగకూడదు. ఆపకుండా నడిపి, ఎంత మెమరీ వాడుతోందో చూస్తూ రోజుల తరబడి అక్కడే కూర్చున్నాను. అంకె పెరగలేదు. కళ్లు తిప్పితే పెరుగుద్దేమోనని భయం.

కేంద్రంలో మళ్లీ పాలు తీసుకోవడం మొదలుపెట్టిన రోజు పొద్దున బాబాయి చెయ్యి అలవాటుగా స్విచ్ మీదికి పోయింది.

"ఆపొద్దు బాబాయ్."

"ఆపకపోతే ఆగిపోద్దిగదరా?"

"ఆపితే నా తప్పు మళ్లీ దాక్కుంటది."

ఆయన చెయ్యి తీశాడు. వరసలో ముందున్నామె క్యాన్ మూత తీసి, నా వైపు చూడకుండా, "పొయ్యమంటావా అన్నా?" అని ఆయన్నే అడిగింది. ఆయన నా వైపు తిరిగాడు.

"పొయ్యండక్కా" అన్నాను. ఆమె క్యాన్ వంచింది.